ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారా? ముందు చెక్ చేయండి, తర్వాతే మార్చండి

"అన్నా, కారులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. స్కాన్ చేయిస్తే ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు. మార్చేయమంటావా?"

కర్నూలు నుంచి, కడప నుంచి, ఇక్కడ అనంతపురంలో పక్క వీధి నుంచి కూడా నాకు ఇదే ప్రశ్న వస్తుంటుంది. అందరికీ ముందు చెప్పేది ఒకటే. కోడ్‌లో ఆక్సిజన్ సెన్సర్ పేరు కనబడినంత మాత్రాన సెన్సర్ చెడినట్టు కాదు. ఎక్కడో గాలి లీకవుతున్నా, పెట్రోలు ప్రెషర్ తగ్గినా, ఎలుక వైరు కొరికినా ఆ పేరే బయటికొస్తుంది. అప్పుడు వేలు పోసి కొత్తది వేసినా నాలుగు రోజులకు అదే లైటు మళ్లీ వెలుగుతుంది. అందుకే మార్చడం గురించి కంటే చెక్ చేయడం గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

ఇది పెట్రోలు కార్లకు, పెట్రోలుతో పాటు సీఎన్‌జీ ఉన్న కార్లకు. డీజిల్ కార్ల సెన్సర్ల లెక్క వేరు. మీ కారు ఇంకా వారంటీలో ఉంటే ఏదీ విప్పకుండా కంపెనీ సర్వీసుకే తీసుకెళ్లండి.

తెలియాల్సినంత వరకు

బీఎస్4, బీఎస్6 పెట్రోలు కార్లలో సాధారణంగా రెండు ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కొలవడమే వీటి పని. ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే దారిలో, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బాకు) ముందున్నది సెన్సర్ 1. దాటాక ఉన్నది సెన్సర్ 2. మొదటిది చెప్పేదాన్ని బట్టే కంప్యూటర్ పెట్రోలు ఎంత పోయాలో సర్దుకుంటుంది. రెండోది ముఖ్యంగా కన్వర్టర్ పని చేస్తోందో లేదో చూస్తుంది. కాబట్టి మైలేజీ బాగా పడిపోయిందంటే ముందు అనుమానించాల్సింది మొదటిదాన్నే. రెండోది పోయినప్పుడు చాలా కార్లలో లైటు వెలగడం తప్ప నడపడంలో పెద్ద తేడా తెలియదు. మన దగ్గర తిరిగే మూడు, నాలుగు సిలిండర్ల కార్లలో ఒకటే బ్యాంకు (సిలిండర్ల వరుస), కోడ్‌లో 'బ్యాంక్ 1' అనే వస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే పరికరం. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్నది చాలు, కానీ లైవ్ డేటా (ఇంజిన్ నడుస్తుండగా మారే రీడింగులు) చూపించాలి. కోడ్ మాత్రమే చూపించేది ఈ పనికి చాలదు.
- మల్టీమీటర్.
- 22 ఎంఎం రింగు పానా, లేదా వైరు దూరడానికి పక్కన చీలిక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ సాకెట్. నోరు తెరిచి ఉండే ఓపెన్ ఎండ్ పానా వద్దు, జారి మూలలు అరిగిపోతాయి.
- తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్, మందపాటి చేతి గ్లౌజులు, కళ్లద్దాలు, టార్చి.
- కారు కిందికి దూరాల్సి వస్తే జాకీతో పాటు జాక్ స్టాండులు.

స్టాండుల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మన జిల్లాల్లో ఇంటి ముందు కడప బండలు పడి ఉంటాయి కదా అని వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి కారు కింద పెడుతుంటారు. అలా ఎప్పుడూ చేయకండి. ఆ రాయి ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా విరుగుతుంది. ఇటుకలూ అంతే. నంద్యాల వైపు నల్లరేగడి నేలల్లో జాకీ కూరుకుపోతుంది కాబట్టి కింద మందపాటి చెక్క వేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి వెళ్లొద్దు.

1. కోడ్ చదివి రాసుకోండి, చెరిపేయొద్దు

స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్ పెట్టి, కీ ఆన్ చేసి కోడ్ చదవండి. నంబరు ఉన్నదున్నట్టు రాసుకోండి. 'సెన్సర్ ప్రాబ్లమ్' అని గుర్తుపెట్టుకుంటే సరిపోదు, ఎందుకంటే దారి చూపించేది ఆ నంబరే.

- పీ0135, లేదా పీ0030 నుంచి పీ0032 వరకు: మొదటి సెన్సర్ లోపలి హీటర్ సమస్య. పీ0141, లేదా పీ0036 నుంచి పీ0038 వరకు వస్తే రెండోదాని హీటర్. వీటిని తేల్చడం తేలిక. ఫ్యూజు, వైరింగ్ చూసి 4వ మెట్టులోని మీటర్ పరీక్ష చేస్తే చాలు.
- పీ0130 నుంచి పీ0134 వరకు: మొదటి సెన్సర్ సిగ్నల్. ఇందులో పీ0133 అంటే స్పందన మందగించిందని. పాతబడిన సెన్సర్‌కు ఎక్కువగా వచ్చేది ఇదే.
- పీ0136 నుంచి పీ0140 వరకు: రెండో సెన్సర్ సిగ్నల్.
- పీ0171, పీ0172: ఇవి సెన్సర్ కోడ్‌లు కావు. పెట్రోలుకు గాలి ఎక్కువైందని మొదటిది, పెట్రోలే ఎక్కువైందని రెండోది చెబుతాయి. చాలాసార్లు సెన్సర్ బాగుండి, ఉన్న నిజం చెబుతున్నందుకే ఇవి వస్తాయి.
- పీ0420: కన్వర్టర్ బలం తగ్గిందని. దీనికి రెండో సెన్సర్ మార్చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

కోడ్ వచ్చిన క్షణంలో వేడి ఎంత, స్పీడు ఎంత అన్నది కూడా కొన్ని స్కానర్లు చూపిస్తాయి. దానికి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. కోడ్ చెరిపేస్తే ఆ సమాచారమూ పోతుంది.

2. కళ్లతో చూడండి

ఇంజిన్ చల్లారాక బానెట్ ఎత్తి, సెన్సర్ నుంచి బయల్దేరి వైరు పట్టుకుని కప్లర్ (వైర్లు కలిసే ప్లాస్టిక్ జాయింటు) దాకా, అక్కడి నుంచి పైకి చూసుకుంటూ వెళ్లండి. ఏం వెతకాలంటే:

ఎలుక కొరికిన చోటు. శనక్కాయ మూటలు దింపుకున్న ఇళ్లలో, గోదాముల పక్కన కారు నిలిపేవాళ్లు దీన్ని ముందు చూడాలి. రాత్రి చలికి వెచ్చని ఇంజిన్ మీదికెక్కి సన్న వైర్లు కొరుకుతాయి. బానెట్ లోపల పొట్టు, పెంటికలు కనబడితే అనుమానం సగం తీరినట్టే.

క్లిప్పు ఊడి సైలెన్సర్ పైపుకు తగిలి కరిగిన వైరు. కప్లర్ లోపల పచ్చగా తుప్పు పట్టిన పిన్నులు, నూనె, బురద. హీటర్ ఫ్యూజు, ఇది ఏ నంబరో కారు పుస్తకంలో ఉంటుంది. కొన్ని కార్లలో ఈ ఫ్యూజు మీదే ఇంకొన్ని భాగాలు కూడా ఉంటాయి. ఫ్యూజు పోయి ఉంటే కొత్తది వేసి సంతోషపడకండి, ఎందుకు పోయిందో చూడండి. వైరు ఎక్కడో బాడీకి తగులుతుండవచ్చు.

పొగ లీకు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే మ్యానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి పైపుల భాగం) దగ్గర టప్ టప్‌మనే శబ్దం వస్తోందా వినండి. గాస్కెట్ అంచున నల్లటి మసి చార ఉందేమో చూడండి. సెన్సర్‌కు ముందు చిన్న రంధ్రమున్నా బయటి గాలి లోపలికి లాగి, సెన్సర్ 'గాలి ఎక్కువ' అని చెబుతుంది. సెన్సర్ తప్పేమీ లేదు, మార్చాల్సింది గాస్కెట్.

చివరగా ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్ దాకా ఉన్న రబ్బరు గొట్టాలు. మన ఎండలకు రబ్బరు పెళుసై పగుళ్లు వస్తాయి. చేత్తో వంచి చూస్తేనే ఆ పగుళ్లు కనబడతాయి.

3. లైవ్ డేటా చూడండి

ఇంజిన్‌ను బాగా వేడెక్కనివ్వండి. స్కానర్‌లో కూలెంట్ వేడి 80 డిగ్రీలు దాటాలి. ఈ పనంతా ఆరుబయట చేయండి. షట్టర్ దించిన గదిలో ఇంజిన్ నడిపితే ఆ పొగ ప్రాణం తీస్తుంది.

తక్కువ ధర స్కానర్లు నెమ్మదిగా చదువుతాయి. పది రీడింగులు ఒకేసారి తెరిచి 'సెన్సర్ స్లోగా ఉంది' అనుకోవద్దు. మొదటి సెన్సర్ వోల్టేజీ ఒక్కటే తెరవండి.

రేజ్ చేసి 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచండి. బాగున్న మామూలు సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఆగకుండా పైకీ కిందికీ కొట్టుకుంటుంది. పది సెకన్లలో చాలాసార్లు 0.45 గీతను దాటాలి. రెండో సెన్సర్ అలా కొట్టుకోకూడదు. 0.6, 0.7 దగ్గర దాదాపు నిలకడగా ఉండాలి. అదీ మొదటిదానిలాగే ఎగిరిపడుతుంటే కన్వర్టర్ పని అయిపోతోందన్నమాట.

మొదటిది ఒకేచోట నిలిచిపోయిందా? ఇప్పుడు అసలు పరీక్ష. ఒక్కసారి గట్టిగా రేజ్ ఇచ్చి వదలండి. రేజ్ ఇచ్చినప్పుడు 0.8 దాటి, వదిలాక 0.2 కిందికి పడితే సెన్సర్ బతికే ఉంది. అది చెబుతున్నది నమ్మి, గాలి లీకో పెట్రోలు ప్రెషరో వెతకండి. ఏం చేసినా కదలకపోయినా, కదలడానికి బాగా ఆలస్యం చేసినా సెన్సర్ మీద, దాని వైరింగ్ మీద అనుమానం బలపడుతుంది.

జాగ్రత్త: కొన్ని కార్లలో మొదటి స్థానంలో ఎయిర్ ఫ్యూయల్ సెన్సర్ అనే వేరే రకం ఉంటుంది. దానికి చాలా వాటిలో ఐదు వైర్లు ఉంటాయి, కొన్నిటిలో నాలుగే. అది ఇలా కొట్టుకోదు. స్కానర్‌లో ల్యాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ల లెక్క, 1 అంటే సరిగ్గా ఉన్నట్టు, దాటితే గాలి ఎక్కువ) 1.0 చుట్టూ నిలకడగా కనిపిస్తుంది. దాన్ని మామూలు సెన్సర్ లెక్కతో చూసి 'నిలిచిపోయింది' అని మార్చేయకండి.

తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చెప్పే అంకె ఇది. షార్ట్ అంటే అప్పటికప్పుడు చేసేది, లాంగ్ అంటే కొంతకాలంగా స్థిరపడింది. షార్ట్, లాంగ్ రెండూ కలిపి ప్లస్ 10, మైనస్ 10 శాతం లోపల ఉంటే పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. ఐడిల్‌లో ప్లస్ 20 చూపించి, 2,500 ఆర్‌పీఎంకు వచ్చేసరికి మామూలైపోతే అది గాలి లీకే. రేజ్ పెంచే కొద్దీ ప్లస్ ఇంకా పెరుగుతుంటే ఫ్యూయల్ ఫిల్టర్, పంపు వైపు చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలులో 20 శాతం దాకా ఉండే ఇథనాల్ వల్ల పాత కార్లలో ట్రిమ్ కొంచెం ప్లస్ వైపు జరగడం సహజం. దాన్ని రోగం అనుకోవద్దు.

4. హీటర్‌ను మీటర్‌తో కొలవండి

సెన్సర్ వేడెక్కితేనే పని చేస్తుంది, అందుకే లోపల హీటర్ ఉంటుంది. ఇంజిన్ చల్లగా, కీ ఆఫ్‌లో ఉండగా కప్లర్ విప్పండి. నాలుగు వైర్ల సెన్సర్‌లో ఒకే రంగువి రెండు ఉంటాయి, చాలా వాటిలో తెలుపు. అవే హీటర్ వైర్లు. సెన్సర్ వైపు పిన్నుల మధ్య ఓంలు కొలవండి. కారును బట్టి మారుతుంది కానీ ఎక్కువగా 3 నుంచి 15 ఓంల మధ్య ఉంటుంది. మీటర్ ఏమీ చూపించకుండా ఓపెన్ అని ఉంటే హీటర్ తెగింది, సెన్సర్ మార్చాల్సిందే.

ఓంలు సరిగ్గా ఉన్నాయా? అప్పుడు కారు వైపు కప్లర్ చూడండి. కీ ఆన్ చేసి హీటర్ పిన్నుల్లో ఒకదానికి 12 వోల్టులు వస్తున్నాయో కొలవండి. కొన్ని కార్లలో ఇంజిన్ స్టార్ట్ అయ్యాకే వస్తుంది. రాకపోతే తప్పు ఫ్యూజులోనో, రిలేలోనో, వైరింగ్‌లోనో ఉంది. కొత్త సెన్సర్ కొన్నా ఆ కోడ్ పోదు. కొలవడానికి వైరు తొడుగును సూదితో పొడవకండి, ఆ చిల్లులోంచి నీళ్లు దూరి లోపల కుళ్లుతుంది.

5. సరైన సెన్సర్ కొనండి

పాత సెన్సర్ మీద ఉన్న పార్ట్ నంబరు, మీ ఆర్సీలోని ఛాసిస్ నంబరు రెండూ చెప్పి అడగండి. మోడల్ పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఒకే కారుకు బీఎస్4లో ఒకటి, బీఎస్6లో ఒకటి ఉంటాయి. బాష్, డెన్సో, ఎన్‌టీకే వంటివి ఈ సెన్సర్లు తయారు చేసేవే. ఊళ్లో దొరక్కపోతే హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో తెప్పిస్తారు, రెండు రోజులు ఆగండి. కనబడిన ఏదో ఒకటి పట్టుకొచ్చి కప్లర్ కోసి అతికించకండి. చాలా సెన్సర్లు పోలిక కోసం బయటి గాలిని వైర్ల సందులోంచే తీసుకుంటాయి. అక్కడ సోల్డర్ చేసి, సీలెంట్ పూస్తే కొత్త సెన్సర్ కూడా తప్పుడు లెక్కలే చెబుతుంది. డబ్బా విప్పగానే వైరు పొడవు, కప్లర్ ఆకారం, మరలు (థ్రెడ్) పాతదానితో పోల్చి చూసుకోండి.

6. పాతది విప్పండి

ఇబ్బంది పెట్టే పని ఇదే. ముందు రోజు సాయంత్రం చల్లటి సెన్సర్ పైపులోకి దిగే చోట తుప్పు స్ప్రే కొట్టి వదిలేయండి. మర్నాడు ఉదయమే మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు మ్యానిఫోల్డ్ చల్లారడానికే గంటలు పడుతుంది. నడిపి ఆపిన వెంటనే ముట్టుకుంటే చర్మం ఊడొస్తుంది.

బ్యాటరీ నెగటివ్ తీసి, కప్లర్ లాక్ నొక్కి విప్పండి. వైరు పట్టి లాగొద్దు. పానా పూర్తిగా కూర్చుందో లేదో చూసుకుని, ఎడమవైపు నిలకడగా బలం పెట్టండి. కదలకపోతే ఇలా చేయండి: బ్యాటరీ, కప్లర్ మళ్లీ తగిలించి, ఇంజిన్‌ను ఒకటి రెండు నిమిషాలు మాత్రమే నడిపి ఆపేసి, గ్లౌజులు వేసుకుని మళ్లీ ప్రయత్నించండి. లోహం కాస్త సాగి పట్టు వదులుతుంది. అంతకుముందు కొట్టిన స్ప్రే పొగ రావచ్చు, మళ్లీ వేడి మీద కొట్టకండి, అంటుకుంటుంది.

కదిలాక ఒకేసారి తిప్పేయకండి. పావు చుట్టు వదులు చేసి, కొంచెం బిగించి, మళ్లీ వదులు చేస్తూ తీయండి. బలవంతంగా తిప్పితే మ్యానిఫోల్డ్ మరలే ఊడి వస్తాయి. మార్చడం ఖాయమని తేలిన సెన్సర్ అయితే వైరు కోసేసి మామూలు లోతు సాకెట్ వేయవచ్చు, పట్టు బాగా దొరుకుతుంది. అప్పటికీ రాకపోతే ఆపేసి, గ్యాస్ మంటతో వేడి చేసే సౌకర్యం ఉన్న వర్క్‌షాప్‌కు ఇవ్వండి. పెట్రోలు పైపుల పక్కన ఇంట్లో మంట పెట్టే పని కాదు.

తీసిన సెన్సర్ మొన చూడండి. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ కాలుతోంది. నూనెతో మెరిసే నలుపు ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. తెల్లటి పొర ఉంటే కూలెంటో, సిలికోన్ సీలెంటో లోపలికి వెళ్లింది. ఈ కారణం సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ అలాగే పోతుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఆ ఉప్పు నీళ్లకు లోపల తుప్పు పట్టి, ఇంజిన్ వేడెక్కి, హెడ్ గాస్కెట్ దాకా వస్తుంది. గాస్కెట్ పోతే నీళ్లు పొగ దారిలోకి వచ్చి సెన్సర్‌నూ చంపుతాయి. కారుకు చెప్పిన కూలెంటే వాడండి.

7. కొత్తది బిగించండి

రంధ్రం మరలను వైరు బ్రష్‌తో శుభ్రం చేయండి. మరలు దెబ్బతింటే లేత్ షాపులో ఎం18, 1.5 పిచ్ ట్యాప్ వేయించండి. సెన్సర్ మొనను వేలితో తాకొద్దు, ఏ ద్రవమూ పూయొద్దు. కింద పడితే లోపలి పింగాణీ పగిలి ఉండవచ్చు, వాడకండి. చాలా కొత్త సెన్సర్లకు మరల మీద పట్టేయకుండా ఉండే పేస్టు ముందే పూసి వస్తుంది. లేకపోతే మరలకు మాత్రమే, పలచగా.

వైరును ముందుగా వెనక్కి నాలుగైదు చుట్లు తిప్పి పట్టుకుని మొదలుపెడితే, బిగించేసరికి మెలికలు పోతాయి. చేత్తోనే చివరిదాకా తిప్పండి. రెండో చుట్టుకే గట్టిగా ఉంటే మర అడ్డంగా ఎక్కుతోంది, వెంటనే వెనక్కి తీయండి. చివర్లో పానాతో బిగించాలి. ఎక్కువ కార్లకు 40 నుంచి 50 న్యూటన్ మీటర్ల టార్క్, మీ కారు మాన్యువల్‌లో వేరేగా ఉంటే అదే పాటించండి. కప్లర్ క్లిక్‌మనే దాకా నొక్కి, వైరును పాత క్లిప్పుల్లోనే పెట్టండి. పైపుకు ఎక్కడా తగలకూడదు.

చేయకూడనివి

పాత సెన్సర్‌ను పెట్రోలులోనో యాసిడ్‌లోనో కడిగితే బాగవుతుందని చెబుతుంటారు. మసి పోతుందేమో కానీ సెన్సర్ తిరిగి రాదు, యాసిడ్ మీ కళ్లకు ప్రమాదం. సెన్సర్ కప్లర్ పీకేసి నడపడం ఇంకా చేటు. పెట్రోలు అంచనాతో పోసి పోసి కన్వర్టర్ కాలిపోతుంది, దాని ఖర్చు సెన్సర్‌కు ఎన్నో రెట్లు. రెండో సెన్సర్ కింద బుష్ పెట్టి పీ0420ను దాచే పని ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోకండి. పొగ అలాగే పోతుంటుంది, లైటు మాత్రమే ఆగుతుంది. సెన్సర్ సులువుగా దొరికిందని రెండూ కలిపి మార్చాల్సిన అవసరమూ లేదు. చెడిందని తేలినదాన్నే మార్చండి.

8. పని అయ్యిందని ఎలా తెలుసుకోవాలి

బ్యాటరీ తగిలించి, ఇప్పుడు కోడ్ చెరిపేయండి. ఇంజిన్ వేడెక్కాక 3వ మెట్టులోని పరీక్షలే మళ్లీ చేయండి. తర్వాత ఊళ్లో కొంతసేపు, హైవే మీద కొంతసేపు కలిపి ఒక అరగంట నడపండి. కర్నూలు వాళ్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద డోన్ వైపు, అనంతపురం వాళ్లు అదే రోడ్డు మీద గుత్తి వైపు, కడప వాళ్లు మైదుకూరు వైపు వెళ్లొస్తే చాలు. ఒకే స్పీడులో కాసేపు, యాక్సిలరేటర్ వదిలి గేరులోనే నెమ్మదించడం కాసేపు, రెండూ ఉండాలి. మొదటి ట్రయల్‌కే గువ్వలచెరువు ఘాట్ ఎక్కించకండి, ఏదైనా వదులుగా ఉంటే అక్కడ ఆపుకునే చోటుండదు.

తిరిగొచ్చాక స్కానర్‌లో రెడీనెస్ (కంప్యూటర్ తన సొంత పరీక్షలు ముగించిందా అన్నది) చూడండి. ఆక్సిజన్ సెన్సర్, హీటర్ ఎదురుగా 'కంప్లీట్' అని రావాలి. లైటు ఆగినంత మాత్రాన సరిపోదు. కంప్లీట్ కాకపోతే కంప్యూటర్ ఇంకా పరీక్ష ముగించలేదని అర్థం, మరో రెండు మూడు రోజులు నడిపి చూడండి. పెండింగ్ కోడ్‌లు (ఇంకా లైటు వెలిగించని అనుమానపు కోడ్‌లు) కూడా ఖాళీగా ఉండాలి. మైలేజీ లెక్కను మాత్రం ట్యాంకు నింపి, నడిపి, మళ్లీ నింపే పద్ధతిలోనే తేల్చుకోండి. మీటర్ మీద చూపించే అంకె బ్యాటరీ తీసినప్పుడు మారిపోయి ఉంటుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దగ్గర పడితే ఇదే మంచి సమయం. బీఎస్4, బీఎస్6 పెట్రోలు కార్లకు 2,500 ఆర్‌పీఎం ప్రాంతంలో ల్యాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య, కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం లోపు రావాలి. 'పాస్' అన్న మాట విని వచ్చేయకుండా ఆ రెండు అంకెలు అడిగి చూడండి. ల్యాంబ్డా 1.03 దాటి ఉండి, సెన్సర్ బాగానే కొట్టుకుంటోందంటే మళ్లీ 2వ మెట్టుకు వెళ్లి గాస్కెట్ దగ్గర మసి చార వెతకండి.